పుటలను కలిపిన చదువరులు

గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ విడివడు తావున, సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేలమీద నెలకొన్న యానాము, తన్ను పాలించు పుదుచ్చేరికి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉండి, చుట్టును ఆంధ్రదేశపు నేలయు నీరును ఆవరించియుండగా, భాషచేత ఒక సీమకును పాలనచేత వేరొక సీమకును చెందినదై చిరకాలముగా మనుచున్నది. ఆ యానామునకు చేరిన గ్రామములలో అడవిపొలము ఒకటి. సాహిత్యచరిత్రకారులు ఇట్టి గ్రామముల పేరెత్తరు. గ్రంథము రచింపబడిన ఊరిని, అచ్చయిన ఊరిని, బహుమానము పొందిన సభను వారు శ్రద్ధతో పేర్కొందురేగాని, అది చేరి చదువబడిన ఊళ్ళను లెక్కకు తీసికొనరు. అయినను పల్లెలయందు పఠనము తరతరములుగా సాగుచునే వచ్చినది; ఆ పఠనమునకును ఒక చరిత్ర కలదు.

ఆ చరిత్రయందు మొదటినుండి నేటివరకు మారక కనుపించు విషయమొకటి యున్నది. గ్రంథము చదువరియొద్దకు ఏకఖండముగా వచ్చిన దినములు తక్కువ. తాటియాకు పొడవునుబట్టి ఒకప్పుడు, పత్రిక వెలువడు వారమునుబట్టి ఒకప్పుడు, ప్రకటనలకు విడిచిన చోటునుబట్టి ఒకప్పుడు, టెలిఫోను తీగపై సమాచారము ప్రవహింపగల వేగమునుబట్టి ఒకప్పుడు అది తునుకలుగానే వచ్చినది. తునుకలు చేయుట పంపువాని సౌకర్యము. వానిని కూర్చుకొనుట అందుకొనువాని పని. పలుపుటలుగా చీల్చి ప్రకటించిన వెబ్ వ్యాసమును ఒకే పుటగా చేసి చూపు బ్రౌజరు పరికరములను కొందరు నిన్నమొన్నటి వింతగా తలంతురుగాని, అడవిపొలమువంటి ఊరినుండి వెనుకకు చూచుకొనుచు పోయినచో, ఆ పని ఎంత పురాతనమైనదో, దానిని ఎవరెవరు ఏయే సాధనములతో చేయుచు వచ్చిరో తెల్లమగును.

తాళపత్రగ్రంథమునందు ప్రతి ఆకును ఒక విడి వస్తువు. గంటముతో గీచిన అక్షరములు కంటికి కనుపించుటకై మసి పూసి, ఆకు అంచున సంఖ్య వేసి, బెజ్జములగుండ త్రాడు దూర్చి, పైని క్రిందను చెక్కపలకలుంచి బిగించుటతో లేఖకుని విధి తీరును. ఆ త్రాడు తెగిననాడు చదువరి విధి ఆరంభమగును. సంఖ్యలు నిలిచియున్నచో వరుస కుదుర్చుట సులభమే. సంఖ్యలు అరిగి, అంచులు విరిగి, చెదలు తినగా మిగిలిన ఆకులను కూర్చవలసివచ్చినపుడు తెలుగు పద్యమే అక్కరకు వచ్చెడిది. వృత్తమున నాలుగు పాదములకును రెండవ యక్షరము ఒకటే హల్లుగా నిలువవలెనను ప్రాసనియమము కలదు గనుక, రెండు పాదములతో ముగిసిన ఆకునకు తరువాయి ఏదియో కనుగొనుటకు పండితుడు చెల్లాచెదరైన ఆకుల మొదళ్ళను పరికించి, అదే ప్రాసతో సాగు పాదములను వెదకికొనగలిగెడివాడు. కవికి చేసిన కట్టడి ఈ విధముగా చదువరికి ఆనవాలై ఉపకరించినది. గద్యమునకు ఈ భాగ్యము లేదు. అచట కథాసంబంధమును వాక్యాన్వయమును మాత్రమే దిక్కు.

పందొమ్మిదవ శతాబ్దియందు ఈ పనిని జీవితవ్రతముగా చేపట్టినవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884). కడపయందును, మచిలీపట్టణమునందును, రాజమహేంద్రవరమునందును కుంపిణీకొలువు చేయుచు, తన జీతమునుండి పండితులకును లేఖకులకును జీతములిచ్చి, ఒకే గ్రంథమునకు దొరకిన పెక్కు ప్రతులను తెప్పించి, ఒకదాని లోపమును మరొకదానితో పూరింపజేసి, శుద్ధప్రతులను వ్రాయించెను. ఆయన కూర్చిన ప్రతులు నేడు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున ఉన్నవి. బ్రౌను చేయించినది గ్రంథసేకరణ మాత్రమేయని చెప్పుట చాలదు. వేమన పద్యములు మొదలు ప్రబంధములవరకు చిరిగి చెదరినదానిని మరల వరుసకు తెచ్చిన కార్యమది.

కూర్పరితనము ఆకులపైననేగాక మనుష్యుని ధారణయందును జరుగవచ్చునని లోకమునకు చూపినవారిలో ఒకరికి యానాముతో సంబంధము కలదు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1870లో కడియమున జన్మించి, బాల్యమున కుటుంబముతో యానాము చేరి, అచటను కానుకుర్రు, పల్లెపాలెము మున్నగు గ్రామములందును గురువులయొద్ద విద్య నభ్యసించిరి. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కూడి తిరుపతి వేంకటకవులను జంటపేర వారు చేసిన శతావధానములు ప్రసిద్ధములు. శతావధానమున నూర్గురు పృచ్ఛకులు నూరు పద్యములు అడుగుదురు. అవధాని మొదటి ఆవృత్తమున నూర్గురికిని ఒక్కొక్క పాదము చెప్పి, రెండవ ఆవృత్తమున రెండవ పాదమును, ఆ పిదప మూడవదానిని, నాల్గవదానిని చెప్పుచు పోవును. అనగా నూరు పద్యములును నాలుగేసి ఖండములై, ఒకదాని నడుమ తొంబదితొమ్మిది ఇతరములు చొరబడి ఉండును. తుదకు ధారణవేళ ఆ ఖండములన్నిటిని పద్యమునకు పద్యముగా కూర్చి, ఆదినుండి ఒప్పజెప్పినగాని అవధానము పూర్తి కాదు. సభవారు అవధాని ఆశుకవితను మెచ్చుకొందురు. నిజమునకు ధారణయే ప్రాణము. ఆ వేంకటశాస్త్రిగారే వార్ధకమున పత్రికలకు వ్రాసిన వ్యాసములు వేర్వేరు సంచికలలో చెదరియుండి, తరువాత “కథలు–గాథలు” అను పేర సంపుటములుగా కూర్పబడినవి. వేదికమీద వారు స్వయముగా చేసిన పనిని, వారి గద్యమునకు ఇతరులు చేయవలసివచ్చినది.

అచ్చు వచ్చినపిమ్మట గ్రంథము స్థిరముగా ఒక అట్టలోపల కుదురుకొనునని ఎవ్వరైనను తలంతురు. జరిగినది వేరు. తెలుగున తొలినాటి నవలగా పేరొందిన “రాజశేఖర చరిత్రము” పుస్తకముగా కాక పత్రికలో భాగములుగానే మొదట లోకమునకు వచ్చినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో నెలకొల్పిన “వివేకవర్ధని”లో 1878నుండి అది ప్రకటితమై, 1880లో పుస్తకరూపము దాల్చెను. కథ ఆరంభమగునది ధవళేశ్వరమున. గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలునది అచటనే. ఆ గౌతమియే దిగువకు వచ్చి యానాము రేవును ఒరసికొని పోవుచున్నది. తెలుగు నవల పుట్టుకతోనే ఖండములుగా ఉండెననుట గమనింపదగినది. నవల వ్రాయువానికి పత్రిక పోషణమును, పత్రికకు నవల చదువరులను సంపాదించిపెట్టుట అప్పుడు మొదలై, నూరేండ్లకుమించి సాగినది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమునుండి దినపత్రికను, 1924లో “భారతి” మాసపత్రికను వెలువరించిరి. విశ్వనాథ సత్యనారాయణగారి “ఏకవీర” భారతిలో ధారావాహికముగా వచ్చినది. 1947 జూలైలో పుట్టిన “చందమామ”లో దాసరి సుబ్రహ్మణ్యముగారి “తోకచుక్క” మొదలుకొని ధారావాహికలు బాలురను నెలనెల నిరీక్షింపజేసినవి. అటుపిమ్మట ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వారపత్రికలును, జ్యోతి, యువ మాసపత్రికలును రాజ్యమేలిన దినములలో, యద్దనపూడి సులోచనారాణిగారి “సెక్రటరీ” జ్యోతిలోను, యండమూరి వీరేంద్రనాథుగారి “తులసిదళం” ఆంధ్రభూమిలోను వచ్చుచుండగా, పత్రిక కొనుట యనగా ఆ వారపు భాగమును కొనుటయే అయ్యెను.

ఈ పత్రికల తొలిదినములలో యానాముసీమ చదువరులకు మరియొక విశేషము కలదు. 1954 వరకు యానాము ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండెను. ఆ యేడు జూన్ 13న విమోచనోద్యమకారులు పాలనను వశము చేసికొనిరి. నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పాలన భారతదేశమునకు సంక్రమించెను. 1962 ఆగస్టు 16న ఆ సంక్రమణము చట్టరీత్యా స్థిరపడెను. ఫ్రెంచి ఏలుబడి తొలగువరకు రాజమహేంద్రవరమునుండి గాని చెన్నపట్టణమునుండి గాని తెలుగు పత్రిక యానాము చేరుటయనగా, మాతృభాష పరరాజ్యమునుండి ఎల్ల దాటి వచ్చుటయే. అట్లు వచ్చినదానిని పారవేయుటకు ఎవరికి మనసొప్పును?

యానామునందేగాక గోదావరీమండలమునందు, అటులనే తెలుగునాట అన్నిచోట్లను, ధారావాహికలను బైండు చేయించు ఆచారము వేళ్ళూనినది. దీనిని కాస్త నిదానించి చూడవలెను. పత్రిక ఇంటికి రాగానే అందరును చదివిన పిదప, నడుమనున్న పిన్నులను చాకుమొనతో మెల్లగా ఎత్తి, కావలసిన కాగితములను వేరుచేసి, తేదీ వరుసను పెట్టెయందు దాచెడివారు. నవల ముగియువరకు ఈ పని సాగెడిది. ఒక వారము పత్రిక అందకపోయినచో ఇరుగుపొరుగులను, బంధువులను అడిగి ఆ భాగమును సంపాదింపవలసివచ్చెడిది. అదియు దొరకనిచో చేతితో నకలు వ్రాసి చేర్చినవారును కలరు. నవల పూర్తియైన వెనుక ఆ కట్టను బైండింగు పనివానికి ఇచ్చెడివారు. అతడు కాగితములను సరిచేసి, వీపువైపు బెజ్జములు పొడిచి, నూలుదారముతో కుట్టి, పురుగు పట్టకుండుటకై మైలతుత్తము కలిపి ఉడికించిన మైదాపిండి జిగురుతో అట్టలంటించి, వీపునకు కాలికో గుడ్డ వేసి, బరువుక్రింద ఆరబెట్టి, అంచులు కోసి ఇచ్చెడివాడు. ఇంటివారు అట్టపైన నవల పేరును రచయిత పేరును సిరాతో వ్రాసికొనెడివారు.

ఇందులో ఒక చిక్కు కలదు. పత్రికాధిపతి పుటలను కూర్చినది ధారావాహికలను చించి దాచువారి నిమిత్తము కాదు. ఒక నవల భాగము ముగిసిన పుట వెనుకవైపున వేరొక నవల భాగము మొదలయ్యెడిది. ఒకనాడు కథ మూడు పుటలు వరుసగా సాగి, మిగిలిన కొంత ఎక్కడనో వెనుకనున్న పుటకు జరుపబడెడిది. నడుమ సబ్బుల ప్రకటనయో, కార్టూనో, వంటల శీర్షికయో చోటుచేసికొనెడిది. రెండు నవలలను దాచదలచిన ఇంట ఏ కాగితమును ఏ కట్టలో చేర్చవలెనను తగవు పుట్టుట సహజము. అందుచేత బైండు చేసిన నవలలో అసంబద్ధమైన పుటలును కలిసియుండును. అవి నేటి పరిశోధకునకు మేలే చేయుచున్నవి. ఆనాటి చీరెల ధరలు, సినిమా ప్రకటనలు, పాఠకుల లేఖలు ఆ వెనుకవైపుననే దొరకును. ప్రచురణకర్తలు పుస్తకముగా వేయని ధారావాహికలు పెక్కింటికి ఈ యింటి బైండులే మిగిలిన ప్రతులు. అద్దెకు పుస్తకములిచ్చు దుకాణములును ఈ పద్ధతినే అవలంబించి, బైండు చేసిన ధారావాహికలను దినమునకింత అని అద్దెకిచ్చి జీవనము గడపినవి. పత్రిక ఆరునెలలు పట్టి చెప్పిన కథను అద్దెదారు ఒక రాత్రి చదివి మరునాడు తిరిగి ఇచ్చివేసెడివాడు. పత్రిక విధించిన కాలమునుండి కథకు విముక్తి కలిగించినది ఆ కుట్టుదారమే.

దూరదర్శనము వచ్చి వారపత్రికల ధారావాహికలు వెలవెలబోయిన వెనుక, 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఈ దేశమున ప్రజలకు ఇంటర్నెట్టును అందుబాటులోనికి తెచ్చినది. తెలుగు దినపత్రికలు కొలదికాలములో వెబ్‌సైటులు తెరచినవి. అయితే అచట చదువరికి ఎదురైన మొదటి విఘ్నము పుటల విభజన కాదు, అక్షరముల విభజన. యూనికోడునందు తెలుగునకు 1991లోనే స్థానము ఏర్పడినను, సామాన్యుల కంప్యూటరులు చాలకాలము దానిని ఎరుగకుండెను. విండోస్ ఎక్స్‌పీ 2001లో వెలువడినపుడు దానితో వచ్చిన తెలుగు ఫాంటుపేరు “గౌతమి”. ఈలోగా ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క సొంత ఫాంటును తయారుచేసికొని, ఇంగ్లీషు అక్షరముల సంకేతస్థానములలో తెలుగు గుణింతముల తునుకలను నిలిపినది. “ఈనాడు” ఫాంటుతో “వార్త” కనుపించెడిది కాదు. “వార్త” ఫాంటుతో “ఈనాడు” కనుపించెడిది కాదు. ఫాంటు లేనివానికి రెండును అర్థరహితమైన లాటిను గుర్తుల పోగులే. అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న తెలుగువాడు ఊరివార్త చదువుటకు ముందు ఫాంటును దింపుకొనుటయు, ఫలానా బ్రౌజరునే వాడుటయు తప్పనిసరియై యుండెను.

ఈ విఘ్నమును తొలగించిన పరికరము “పద్మ”. దానిని నిర్మించినవారు వెన్న నాగార్జునగారు; 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారును వారే. ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు చేర్చుకొనదగిన ఆ పొడిగింపు, పత్రికల పుట తెరవగానే అది ఏ ఫాంటున ఉన్నదో కనిపెట్టి, అందలి గుర్తులను యూనికోడు తెలుగులోనికి మార్చి చూపెడిది. అక్షరముల తునుకలను వరుసకు తెచ్చి అక్షరములుగా చేయుట చూచుటకు అల్పమైన కార్యమువలె తోచునుగాని, యంత్రము వెదకుటకును, నకలు తీసికొనుటకును, మరియొకరికి పంపుటకును తెలుగుపుట యోగ్యమైనది దానివలననే. ఏ పత్రికాధిపతియు కోరకయే, ఒక చదువరి చదువరులకొరకు చేసిన పని యిది.

పుటల విషయమున తెలుగువారికి గొప్ప పరీక్ష డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వలన వచ్చినది. చిత్తూరుజిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమును అందుకొన్న రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి సంకల్పించిన పదిలక్షల పుస్తకముల పథకమునకు ఇది భారతదేశపు శాఖ. బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థ సమన్వయము చేయగా, హైదరాబాదునందలి అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ పెద్ద కేంద్రములలో ఒకటిగా, వేలకొలది తెలుగు పుస్తకములు స్కానింగునకు ఎక్కినవి. గ్రంథాలయములలో బీరువాల అడుగున పడియున్న పుస్తకములు లోకమునకు కనుపించిన శుభసమయమది. అయితే పుస్తకము పుస్తకముగా కనుపించెడిది కాదు. ఒక్కొక్క పుట ఒక్కొక్క టిఫ్ చిత్రమై, దానిని చూచుటకు బ్రౌజరునకు వేరొక పరికరమును తగిలించుకొనవలసియుండి, పుట వచ్చువరకు వేచి, చదివి, తరువాతి పుటకై మరల నొక్కి, మరల వేచియుండవలసివచ్చెడిది. నాలుగువందల పుటల పుస్తకమునకు నాలుగువందలమార్లు ఈ తంతు. పేర్ల పట్టికయందు తెలుగు శీర్షికలు రోమను లిపిలో అక్షరదోషములతో ఎక్కుటచేత పుస్తకమును కనుగొనుటయే ఒక సాధన.

అయినను చదువరులు వెనుదీయలేదు. ఆ చిత్రముల పేర్లు ఒకటినుండి వరుసగా ఎనిమిదేసి అంకెలతో ఉండుటను కొందరు గమనించిరి. తాళపత్రపు అంచుననున్న సంఖ్య చేసిన మేలునే ఇచట ఈ అంకెలును చేసినవి. వరుస తెలిసినపిదప ఒక చిన్న ప్రోగ్రాము మొదటి పుటనుండి తుదిపుటవరకు తానే తెచ్చుకొని, అన్నిటిని ఒకే పీడీఎఫ్ పుస్తకముగా కుట్టివేయగలిగెడిది. ఇట్టి ప్రోగ్రాములు చదువరులనడుమ చేతులు మారినవి. తెలుగు వికీపీడియనులు ఆ గ్రంథాలయమందలి తెలుగు పుస్తకముల పట్టికలను సవరించి లంకెలతో కూర్చిరి. ఆ సైటు 2017 నాటికి మూతపడినపుడు పుస్తకములు పూర్తిగా మాయము కాకుండుటకు కారణము, అవి ఇంటర్నెట్ ఆర్కైవునకు ఎక్కియుండుటయే. తెలుగు వికీసోర్సునందు ఈ కూర్పు మరియొక మెట్టెక్కినది. అచట స్కాను చేసిన ప్రతి పుటకును ప్రక్కనే టైపు చేసిన పాఠమునుంచి, ఒకరు దిద్ది మరొకరు సరిచూచిన పిమ్మట, మొదటి పుటసంఖ్యయు చివరి పుటసంఖ్యయు ఇచ్చి ఆజ్ఞాపించినంతనే, ఆ నడుమనున్న పుటలన్నియు అతుకు కనుపింపకుండ ఒక అధ్యాయమై నిలుచును. పుట అంచున తెగిన పదమును సైతము కలుపు ఏర్పాటు అందున్నది. బ్రౌను కడపలో జీతములిచ్చి చేయించిన పనిని, వీరు జీతము లేక చేయుచున్నారు.

ఈ నడుమ ప్రపంచమున వెబ్ వ్యాసములను పలుపుటలుగా విడగొట్టుట ఒక రివాజైనది. ఆరంభమున దానికి న్యాయమైన కారణము కలదు: మోడెముల వేగము తక్కువగుటచేత దీర్ఘవ్యాసము ఒకేసారి దిగుటకు కాలయాపన మగును. తీగల వేగము పెరిగిన వెనుకను విభజన పోలేదు, ఏలనన పుట మారినప్పుడెల్ల ప్రకటనలు మారును. ఎన్ని పుటలు తెరువబడినవో అంత ఆదాయము. వారపత్రిక కథను ఆపినచోట ఉత్కంఠ యైన నుండెడిది. ఈ పుటల చీలికకు రచనతో ఎట్టి సంబంధమును లేదు. ఒక పుటకు తరువాతిది ఏదో యంత్రమునకు తెలుపు గుర్తును 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01 ప్రమాణమే నిర్దేశించియున్నను, దానిని పాటించిన సైటులు కొన్నియే.

చదువరులు మరల పనికి పూనుకొనిరి. జపానున పుట్టిన ఆటోపేజరైజ్ అను పరికరము, చదువరి పుట అడుగుభాగమునకు చేరుకొనుచుండగానే తరువాతి పుటను తెచ్చి క్రింద అతికించును. ఏ సైటున “తరువాతి” లంకె ఎచట నుండునో తెలుపు సూత్రములను వాడుకరులే ఒక ఉమ్మడి పట్టికలో వ్రాసి పెట్టిరి. ఆ పట్టికయే దానికి ప్రాణము. ఆర్క్90 అను అమెరికా సంస్థ 2009లో “రీడబిలిటీ”ని వెలువరించినది. 2010 జూన్‌లో వచ్చిన ఆపిల్ వారి సఫారీ 5 బ్రౌజరులోని రీడరు దాని సంకేతమును ఆధారముగా గైకొని, పలుపుటల వ్యాసమును ఒకే పుటగా చూపసాగినది.

రీడబిలిటీ పనిచేయు విధము ముచ్చటైనది. పుటయందు వ్యాసమేదో ప్రకటనయేదో దానికి తెలియదు. కావున పేరాకొక అంకము, అందలి కామాకొక అంకము, నూరక్షరములకొక అంకము చొప్పున మూడు మించకుండ వేసి, ఎక్కువ అంకములు వచ్చిన భాగమే వ్యాసమని నిశ్చయించును. ప్రకటనలలో కామాలు అరుదు, వ్యాసములలో మెండు. ఇంగ్లీషునకు ఇది చక్కని యుక్తి. క్త్వార్థకములతోను శత్రర్థకములతోను వాక్యమును పెంచుకొనుచు పోవు పాత తెలుగు వచనమును ఆ త్రాసులో వేసినచో, కామాలు కొరవడి, దాని బరువు తక్కువగా తూగును. తరువాతి పుటను కనిపెట్టుటకై అది వెదకిన పదములు ఇంగ్లీషు “నెక్స్ట్”, “కంటిన్యూ”, జర్మను “వైటర్”; అవి లేనిచో బాణపు గుర్తులు. “తరువాతి పుట” అనియో “ఇంకా చదవండి” అనియో తెలుగున వ్రాసిన లంకెను అది గుర్తింపలేదు. సంఖ్యలను బట్టియో గుర్తును బట్టియో ఊహింపవలసినదే. పరాయివారు తమ భాషకై చేసికొన్న పనిముట్టు మన పుటలను కలిపినను, అది మనవంక చూచి చేసిన పనిముట్టు కాదు. పద్మయు, వికీసోర్సు తెలుగుశాఖయు ఎందులకు విలువైనవో దీనినిబట్టి తెలియును.

ఇట్టి పరికరముల ఆయుర్దాయము స్వల్పము. 2017 నవంబరున ఫైర్‌ఫాక్సు 57 వచ్చి పాతపద్ధతి పొడిగింపులను త్రోసిపుచ్చగా, అదివరకటి పరికరములు వేలు ఒక్కనాడు పనికిమాలినవైనవి. అప్పటికి తెలుగు పత్రికలు యూనికోడునకు మారియుండుటచేత పద్మ అవసరము తీరియున్నది. రీడబిలిటీ సేవ 2016లోను, వ్యాసములను దాచి తరువాత చదువుకొనుటకై 2007లో పుట్టిన “పాకెట్” 2025లోను ఆగిపోయినవి. “తరువాతి” గుర్తును లెక్కకు తీసికొందుమని 2011లో ప్రకటించిన గూగుల్, దానిని వాడుట మానితిమని 2019లో చెప్పినది. ఇంటనున్న బైండునకు ఈ గండము లేదు. కుట్టిన పనివాడు దుకాణము మూసికొన్నంతమాత్రమున నవల విడిపోదు. కలిపిన ఫలితము చదువరి చేతియందు నిలిచినదా, లేక కలుపు సేవ మాత్రమే అద్దెకు దొరకినదా యనునదే ఇచట భేదము.

ఇంతకన్న సూక్ష్మమైన మార్పు ఒకటి జరిగినది. పుట అడుగునకు పోగానే తరువాతి పుట తనంతట అతికికొను యుక్తిని పిదప సైటులవారే స్వీకరించి, ఫోనుతెరపై అంతులేని ప్రవాహముగా మార్చిరి. నేడు అడవిపొలమునందైనను అమెరికాయందైనను చేతిలో ఫోను పట్టినవాడు బొటనవ్రేలితో తెరను పైకి త్రోయుచున్నంతసేపు ఏదో యొకటి వచ్చి చేరుచునే యుండును. పుటలు కలియలేదని ఎవ్వరికిని ఫిర్యాదు లేదు. అయితే ఆ కలయిక పంపువాని చేతిలో ఉన్నది. వాని లాభము చదువు ముగియకుండుటయందే కలదు. ధారణ చేసిన అవధానియు, ఆకులు కూర్చిన పండితుడును, నవలను కుట్టించిన గృహస్థుడును, వికీసోర్సు అధ్యాయమునకు మొదటి సంఖ్యను చివరి సంఖ్యను ఇచ్చువారును పుటలను కలిపిరి, కలిపినదానికి తుదిని ఏర్పరచిరి. నూరవ పద్యముతో అవధానము ముగియును. వెనుక అట్టతో నవల ముగియును. ఏది ఇందులోనిదో, ఏది కాదో నిర్ణయించువాడే కూర్పరి.

కావున ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది పరికరముల ప్రశంస కాదు. పుటలను చీల్చుటయు, కలుపుటయు రెండును పంపువానికే అప్పగించినచో చదువరికి మిగులునది చూపు మాత్రమే. తెలుగువారికి ఇపుడు చేయదగిన పని కొంత స్పష్టముగానే యున్నది: ఇండ్లలో మిగిలిన ధారావాహికల బైండులను అవి చెడకముందే, వెనుకవైపు పుటలతో సహా, స్కాను చేయించుట, స్కాను చేసినవానిని వికీసోర్సువంటిచోట దిద్ది అధ్యాయములుగా నిలుపుట, తెలుగు సైటులు నడుపువారు దీర్ఘవ్యాసమును ఒకే పుటగా నిచ్చుట, విభజింపక తప్పనిచో తరువాతి పుట గుర్తును యంత్రమునకు తెలియునట్లు పెట్టుట, తెలుగు పదములను గుర్తించు పఠనపరికరములను మనవారే నిర్మించుట. ఇవి ఏ పెద్ద సంస్థ అనుమతికొరకును వేచియుండవలసిన పనులు కావు. ఇదివరకు జరిగినవియు అట్టి అనుమతితో జరుగలేదు.